వాగునకు కావలి



మన పూర్వులు సప్తసంతానములని యేడింటిని పేర్కొనిరి. కుమారుడు, చెఱువు, కావ్యము, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము – ఇవి మనుష్యుని పేరు నిలుపునవని వారి తలంపు. వీనిలో చెఱువును వనమును కడుపున బుట్టిన కుమారునితో సమానముగా నెంచబడుట గమనింపదగినది. అయితే కుమారుడు పుట్టినంతమాత్రమున తండ్రి పని తీఱదు. పెంపవలయును, చదివింపవలయును, చెడుత్రోవ త్రొక్కకుండ కనిపెట్టి యుండవలయును. చెఱువు సంగతియు నంతే. త్రవ్వించినవాని పేరు శాసనమున నుండును. దానిని తరతరములు బ్రతికించినవారు మాత్రము శాసనమెక్కని యూరివారు.

నేటి నా ప్రసంగము ఆ యూరివారిని గూర్చి. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము – ఈ మూడు పట్టణముల పరిసరములందలి వాగులను, వాని నాశ్రయించి బ్రతుకు పక్షులను మృగములను కాపాడుటకు గ్రామస్థులు తమంతట తాము పూనుకొనిన తీరును, ఆ పనికి వలయు విద్యను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

ఈ మూడు పట్టణములును 2022 వ సంవత్సరమున నేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నవి. అంతకుముందు అనంతపురము జిల్లాలోనివి. ఇది వానకు ముఖము వాచిన సీమ. ఏడాదికి సగటున కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఉత్తర పినాకిని యనబడు పెన్న కర్ణాటకమందలి నందికొండల ప్రాంతమున పుట్టి, హిందూపురము వైపున మన నేలపై నడుగిడును. పరిగి చెంత జయమంగళి దానిలో కలియును. చిత్రావతియు ఆ కొండల వైపుననే పుట్టి, పుట్టపర్తి మీదుగా ధర్మవరము ప్రాంతమునకు వచ్చి, ఆ పిదప పెన్నను చేరును. ఇవి పేరునకు నదులే గాని, ఏడాదిలో పెక్కు నెలలు ఇసుక పాన్పులు. కనుక ఈ సీమకు నిజమైన ప్రాణము నదులలో లేదు. కొండవాలున పుట్టి, గ్రామము ప్రక్కగా పాఱి, చెఱువున జేరు చిన్న వాగులలో నున్నది. మావైపు వానిని వంకలందురు. పై చెఱువు నిండి మరువ పాఱిన నీరు వంకలో పడి క్రింది చెఱువును నింపును. అది నిండి మఱియొకదానిని నింపును. ఇవియే గొలుసుకట్టు చెఱువులు. గొలుసులో ఒక్క కొలికి యూడినను గొలుసు గొలుసు కాదు. నడుమ నొక వంక పూడినచో దాని క్రింది యూళ్ళన్నియు ఎండును.

ఈ నీటిని నడపుట ఒక శాస్త్రమని మన పెద్దలెఱుగుదురు. క్రీ.శ. 1388 నాటి పెనుకొండ శాసనమొకటి కలదు. విజయనగర రాజకుమారుడగు ప్రతాప బుక్కరాయడు పెనుకొండ నుండి రాజ్యభాగమును పాలించుచుండగా, ప్రజలకు నీరు లేదని యెఱిగి, సింగాయభట్టు అను జలసూత్ర పండితుని రావించి, పెన్నానదీ జలమును కాలువ ద్వారా సిరువెర చెఱువునకు తెప్పించెనని అందు కలదు. రాజు నీరు కావలెనని కోరగలడు. నీరు పాఱవలసిన వాటము నెఱిగినవాడు సింగాయభట్టు. అంతకు పందొమ్మిది యేండ్లకు ముందు, 1369 లో, కడప సీమయందు పోరుమామిళ్ళ చెఱువును కట్టించిన భాస్కర భవదూరుని శాసనము ఇంకను విశేషమైనది. మంచి చెఱువునకు పండ్రెండు అంగములును, ఆఱు దోషములును అందు చెప్పబడినవి. ఆ యంగములలో ధర్మాత్ముడగు ప్రభువు ఒకటి. జలశాస్త్రమెఱిగిన విద్వాంసుడు ఒకటి. పని నేర్చిన జనసమూహము ఒకటి. దోషములలో రెండు రాజ్యముల సరిహద్దున చెఱువుండుట యొకటి. అనగా ఎవరిదో తేలని నీరు చెడునని వారు ఆఱువందల యేండ్లకు ముందే గ్రహించిరి.

కట్టుట ఒక యెత్తు, కాచుట మఱియొక యెత్తు. కాచుటకు దశబంధ మాన్యములుండెడివి. చెఱువు మరమ్మతుచేయువానికి దాని క్రింది భూమిలో భాగమిచ్చెడివారు. నీటిని తూముల నుండి పొలములకు పంచుటకు నీరుగంటి యుండెడివాడు. వానలకు ముందు ఊరివారందఱు కలిసి పూడిక తీసి, కట్టకు మన్ను వేసెడివారు. దీనికి కుడిమరామత్తు అని పేరు. ఇది కూలికి చేయు పని కాదు, వెట్టియు కాదు. తన పొలమునకు పాఱు నీటికై తాను చేసికొను పని. దొరతనమువారు 1858 లో మద్రాసు రాజధానియందు చట్టము చేసి, ఇట్టి పనిని నిర్బంధముగా చేయింపజూచిరి. ఎగ్గొట్టినవారికి జుల్మానాలు విధింపవచ్చునన్నారు. ప్రేమతో చేయుపనికి శిక్షాభయము తోడైన పిదప ప్రేమ తొలగుట లోకసహజము. చెఱువు మనదను మాట పోయి సర్కారుదను మాట వచ్చినది. ఆ మాటతోడనే సగము పూడిక పడినది.

ఐనను ఊరి ధర్మము పూర్తిగా నశింపలేదు. అందుకు సాక్ష్యము హిందూపురమునకు చేరువనే కలదు. చిలమత్తూరు మండలమున వీరాపురమను చిన్న గ్రామము. ఏటేట చలికాలమున అచ్చటికి రంగు కొంగలు గుంపులు గుంపులుగా వచ్చి, ఊరి నడుమనున్న చింతచెట్లపై గూళ్ళు కట్టుకొని, పిల్లలను చేసికొని, అవి యెగుర నేర్చిన పిమ్మట వానకాలమున తరలిపోవును. నిలువెత్తు కాళ్ళు, పసుపుపచ్చని పొడుగు ముక్కు, తోకకడ గులాబివన్నె యీకలు – చూచినవారు మఱువజాలని యందము. రెండు మొదలు ఐదు వఱకు గ్రుడ్లు పెట్టును. నెలదినములు పొదుగును. ఆ పిమ్మట రెండు నెలలకు పైగా తల్లిదండ్రులు రెండును చేపలు తెచ్చి పిల్లలను పోషించును. గూటి క్రింద వాకిలి యూడ్చుకొను ఇల్లాలికి రెట్టలు పడును. చేపల కంపు కొట్టును. ఐనను వీరాపురమువారు ఆ చింతచెట్లపై గొడ్డలి వేయరు; పక్షులపై ఱాయి విసరరు. కొంగలు వచ్చినయేడు వానలు కురియునని వారి నమ్మిక. అచ్చటికి దగ్గఱనే లేపాక్షి కలదు. రెక్కలు తెగిపడిన జటాయువును చూచి శ్రీరామచంద్రుడు ‘లే పక్షీ’ యని పలికిన చోటు అదియే యని జనశ్రుతి. పక్షిని లేవనెత్తిన కథ యొక యూరికి పేరైనది. ప్రక్కయూరిలో ఆ పని నేటికిని నిత్యకృత్యముగా సాగుచున్నది.

ఇచ్చట ఒక మాట చెప్పవలయును. ఈ పక్షులను జనులు సైబీరియా కొంగలందురు. ఇది సరి కాదు. రంగు కొంగ మన దేశపు పక్షియే. భారతదేశమునను, సింహళమునను, మఱికొన్ని పొరుగు దేశములందును ఉండునది. నీరున్నచోట మేసి, గూటి కాలమునకు తగిన తావు చూచుకొనును; అంతియే గాని మంచుదేశమునుండి వచ్చునది కాదు. పేరులో నేమున్నదని మీరడుగవచ్చును. వ్యాకరణము చదివినవాడను గనుక నాకు పేరులో చాల ఉన్నదనియే తోచును. సైబీరియా నుండి వచ్చిన యతిథియైనచో, ఆతిథ్యమిచ్చితిమి, పోయినది, మన పని తీఱినదనుకొందుము. మన యింటిదే యైనచో అది గూడు విడిచి యెచ్చటికి పోవునో, ఆ చోట దానికి తిండి కలదో లేదో విచారింపవలసిన భారము కూడ మనదే యగును.

అసలు చిక్కు ఇచ్చటనే కలదు. వీరాపురమువారు చెట్టును కాచిరి. కాని చెట్టుపై చేపలు కాయవు. గూటిలోని పిల్లల కడుపు నిండుట చుట్టుపట్ల మైళ్ళ దూరమునగల చెఱువులలో నీరుండుటపై ఆధారపడినది. ఆ చెఱువులకు వచ్చు వంకలు పూడినచో, ఇసుక తరలించినచో, కట్టలు తెగినచో, వీరాపురమువారి భక్తి యెంతయైనను ఆ పిల్లలకు ఒక్క చేపయు రాదు. చెట్టును కాచుటకు ఒక యూరు చాలును. చెఱువులను కాచుటకు పది యూళ్ళు కావలయును. ఆ పది యూళ్ళవారికి చెట్టు కనబడదు, గూడు కనబడదు. తమ వంకకును వీరాపురపు గూటికిని గల సంబంధము కన్నులకు తోచదు. కన్నులకు తోచనిదానిని తెలుపునదే విద్య. కనుకనే వాగును కాచుపనికి మంచిమనస్సు మాత్రము చాలదు, చదువు కూడ కావలయునని నా మనవి.

పొరుగున కర్ణాటకమందు మండ్య జిల్లాలో కొక్కరె బెళ్ళూరు అను గ్రామము కలదు. అచ్చటను చింతచెట్లపై రంగు కొంగలును గూడబాతులును గూళ్ళు కట్టును. ఆ యూరి యువకులు హెజ్జార్లె బళగ యను సంఘముగా నేర్పడి, గూటినుండి జాఱిపడిన పిల్లలకు చేపలు పెట్టి, ఎగురనేర్చు వఱకు పెంచి విడిచిపెట్టుట నేర్చుకొనిరి. 2007 లో ఆ తావు ప్రభుత్వముచే సమాజ రక్షిత ప్రాంతముగా ప్రకటింపబడినది. పడిన పిల్లను చూచి అయ్యో యనుట దయ. దానికి ఏ చేప, ఎంత, దినమునకు ఎన్నిమాఱులు పెట్టవలయునో తెలిసికొనుట విద్య. రెండును కలిసినపుడే పిల్ల బ్రదికినది.

ఇక పెనుకొండకును ధర్మవరమునకును నడుమనున్న కొండల కథ వినుడు. చెన్నేకొత్తపల్లి చెంత 1990 లో టింబక్టు కలెక్టివ్ అను సంస్థ వెలసినది. దానిని స్థాపించినవారు బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం దంపతులు. మొదట ముప్పదిరెండెకరముల చవుడునేలను కొని, మేతయు నిప్పును సోకకుండ కాచి, పచ్చన చేసిరి. ఆ పిమ్మట చుట్టుపట్ల గ్రామములవారు చేయి కలిపి, రొద్దము, రామగిరి, చెన్నేకొత్తపల్లి మండలముల నడుమనున్న ఏడువేల యెకరములకు పైబడిన ఉమ్మడి కొండభూమిని కాపాడబూనిరి. దానికి కల్పవల్లి యని పేరు. 2008 లో అచ్చటి గ్రామస్థుల సహకార సంఘమేర్పడినది.

అచ్చట జరిగిన పని చెప్పుటకు సులభము, చేయుటకు కష్టము. తొలకరికి ముందు గింజలు నాటిరి. తమలో కొందఱిని కావలివారినిగా నియమించుకొనిరి. వేసవిలో బోదగడ్డికి నిప్పంటుకొనినచో కొండయంతయు బూడిద యగును గనుక, ముందుగనే గడ్డి కోసి నిప్పు దాటకుండ బాటలు తీసిరి. పొగ కనబడినచో పచ్చికొమ్మలు చేతబట్టి పరుగెత్తి ఆర్పిరి. మొదళ్ళు నఱకకుండ, మొలకలు మేయింపకుండ కట్టుబాటు చేసికొనిరి. మందలవారిని వెళ్ళగొట్టలేదు, వారిని కూడ కలుపుకొనిరి. క్రమముగా గడ్డి పెరిగి, ఈతచెట్లు వంకల వెంట లేచినవి. గడ్డి వేళ్ళు వాననీటిని పట్టి నేలలోనికి దింపినవి. వాన వెలసిన పిమ్మటను వంకలలో నీరు నిలిచి క్రింది చెఱువులకు చేరినది. తోడేళ్ళును, నక్కలును, కుందేళ్ళును, గడ్డిలో గ్రుడ్లు పెట్టు పక్షులును తిరిగి వచ్చినవి. గొఱ్ఱెల కాపరులున్న సీమలో తోడేలు వచ్చినదని సంతసించు ఊరు చూచితిరా? తోడేలున్నచోట గడ్డి యున్నది, నీరున్నది అని వారెఱుగుదురు.

అట్టి కల్పవల్లికిని ఒక గండము వచ్చినది. సర్కారు లెక్కలలో ఆ నేల బంజరు. బంజరనగా నెవరికిని పనికిరానిదని కదా కచ్చేరి యర్థము. కనుక ఆ కొండలపై గాలిమరలు నిలుపుటకు అనుమతి లభించినది. గాలినుండి విద్యుత్తు పుట్టించుట మంచిదే. దానిని నేను కాదనను. కాని బరువైన యంత్రములను కొండయెక్కించుటకు తీసిన వెడల్పు బాటలవలన మన్ను త్రవ్వి పోయబడి, వానకు జాఱి వంకలలో పడినది. సంఘమువారు జాతీయ హరిత న్యాయస్థానమునకు పోవలసి వచ్చినది. ఇరువది యేండ్లు చెమటోడ్చి కాచిన నేలకు లెక్కలలో ఒక తప్పుపేరుండుటవలన ఎంత చేటు కలిగినదో చూడుడు. కొంగ విషయమునను, కొండ విషయమునను నాకు తోచిన నీతి యొక్కటే. పేరు తప్పైనచో నడత తప్పును. కనుక సేవకు మొదటి మెట్టు వాగులోని ప్రతిదానిని దాని సరియైన పేరుతో నెఱుగుట.

మంచిమనస్సుండి చదువు లేకపోయినచో నేమగునో చెప్పుటకు మన సీమలోనే దృష్టాంతమున్నది. సర్కారు తుమ్మను మనమందఱము ఎఱుగుదుము. మెట్టభూములు పచ్చబడునని, పేదలకు వంటచెఱకు దొరకునని, ఆ చెట్టును అమెరికా ఖండమునుండి తెప్పించి 1877 లో కడప జిల్లా కమలాపురమున నాటించిరి. ఉద్దేశము మంచిదే. నేడు ఆ చెట్టు చెఱువుల కడుపులను, వంకల గొంతులను కమ్మి, నీటిత్రోవ మూసి, దేశవాళీ గడ్డిని మొలవనీయకున్నది. వంటచెఱకు నిచ్చిన మాట నిజమే. ఇచ్చినదానికంటె కొనిపోయినది హెచ్చు. నేడును చెట్లు నాటుదమని బయలుదేరు యువకులకు నేను చెప్పునది ఇదియే. ఏ చెట్టు, ఏ నేలకు, ఎవరికి అని ముందడుగుడు. గడ్డిభూమిలో చెట్లు క్రిక్కిఱియ నాటినచో కృష్ణజింకకు పరుగెత్తు చోటుండదు. ఆ కృష్ణజింక మన ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రమృగమని మఱువరాదు.

ఈ చదువు పుస్తకములలోనే యున్నదని తలంపకుడు. నేను బడిపంతులుగా నున్నకాలమున ఒకనాడు పిల్లలను పెన్నయొడ్డునకు తీసికొనిపోయితిని. అమరమును వల్లెవేసిన పిల్లవాడు నీటికి పర్యాయపదములు పది చెప్పినాడు గాని, ఎదుటనున్న గడ్డికి పేరు చెప్పలేకపోయినాడు. చదువున వెనుకబడినవాడని పేరుపడిన గొల్లపిల్లవాడొకడు ముందుకు వచ్చి, ఇది దర్భ, ఇది తుంగ, ఇది గొఱ్ఱెలు ముట్టనిది, ఈ తడి యిసుకలో మూరెడు త్రవ్విన నీరుండును, ఆ యడుగులు రాత్రి నీటికి వచ్చిన నక్కవి, కుక్కవి కావు, అని గడగడ చెప్పినాడు. చెలమ త్రవ్వి నీరు కూడ చూపినాడు. ఆ దినమున వాడు గురువు, మేము శిష్యులము. ప్రతి గ్రామమునను ఇట్టి గురువులున్నారు: కాపరులు, చేపలు పట్టువారు, ముసలి నీరుగంటులు, కూరాకు కోసికొను ఆడువారు. వారు పోకమునుపే వారియొద్ద పాఠము చెప్పించుకొనవలయును. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతియందును ఒక సంఘముండి, ఆ యూరి చెట్టుచేమలను, జీవరాశిని, వానినిగూర్చిన యెఱుకను ప్రజల పట్టికగా వ్రాయింపవలసియున్నది. ఆ పట్టికను కచ్చేరిలో కూర్చుండి నింపినచో అది కాగితము. వంకవెంట నడచి నింపినచో అది యూరి పురాణము.

చదువురాని రైతులు శాస్త్రమును చేపట్టజాలరను వారికి ఒక సంగతి చెప్పెదను. 2003 మొదలుకొని కొన్నియేండ్లు మన రాష్ట్రమున కఱవు జిల్లాలేడింటిలో, అందు అనంతపురమును చేరియుండగా, భూగర్భజలములను రైతులే చూచుకొను పథకమొకటి నడచినది. ఐక్యరాజ్యసమితివారి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడినది. గ్రామములందలి స్త్రీలును పురుషులును స్వచ్ఛందముగా వానమానిని చూచి వాన లెక్క వ్రాసిరి. పదునైదు దినములకొకమాఱు బోరుబావులలో నీటిమట్టము కొలిచిరి. ఆ లెక్కలను ఊరి గోడపై నందఱికి కనబడునట్లు వ్రాసిరి. పంటకాలమునకు ముందు కూడి, నేలలో నున్న నీరెంత, మనము వేయదలచిన పంటలు త్రాగు నీరెంత యని పద్దు వేసికొనిరి. ఇన్నియెకరములే వేయవలయునని ఎవరును ఆజ్ఞాపింపలేదు. లెక్క చూచి యెవరికి వారు తెలిసికొనిరి. ఇంటి ఖర్చు వ్రాసికొను గృహస్థునివలె ఊరు తన నీటిఖర్చు వ్రాసికొనినది. ఆజ్ఞకంటె ఎఱుక బలమైనదనుటకు ఇంతకంటె నిదర్శనము వేఱొకటి లేదు.

ఇప్పుడు కృష్ణాజలము హంద్రీ–నీవా కాలువవెంట మన సీమకు వచ్చుచున్నది. పెనుకొండ చెంతనున్న గొల్లపల్లి జలాశయమునకు 2016 లో చేరినది. ఇది గొప్ప మేలు. ఐనను కాలువ వచ్చినదిగదా, ఇక వంకతో పనియేమి యనుట తగదు. దూరపు నీటిని దాచుకొనుటకైనను చెఱువు బాగుండవలయును. పైనుండి మీట త్రిప్పినచో కాలువ యాగును. వాన కురిసినచో వంక యాగదు.

కావున ఈ మూడు పట్టణములందలి పాఠశాలల ఉపాధ్యాయులకును, విద్యార్థులకును నా ప్రార్థన యిది. మీ యూరికి చేరువనున్న వంకనొకదానిని ఎంచుకొనుడు. ఒక సెలవుదినమున పుట్టిన కొండనుండి చేరు చెఱువు వఱకు దానివెంట నడువుడు. ఎచ్చట పూడినది, ఎచ్చట ఆక్రమింపబడినది, ఎచ్చట చెత్త పోయుచున్నారు, వ్రాసికొనుడు. ధర్మవరపు బాలురారా! మీ యూరి పట్టుచీరెల రంగులకు దేశమంతట పేరున్నది. ఆ రంగులద్దిన నీరు ఏ కాలువలో పడి యెచ్చటికి పోవుచున్నదో పెద్దలనడిగి తెలిసికొనుడు. నీటిలో కప్పలు, ఎండ్రకాయలు, తూనీగ పిల్లలు ఏయేనెలలో నున్నవో లెక్క పెట్టుడు. అవి తగ్గినచో నీరు చెడుచున్నదన్న మాట. వానలకు ముందు పెద్దలతో కలిసి వంకగొంతులోని కంపను తీయుడు. పెంపుడు చేపలను తెచ్చి వాగులో విడువకుడు. ప్రభుత్వము నిషేధించిన ఆఫ్రికా మార్పుచేప యొకటి చెఱువున పడినచో మన చేపలను మ్రింగివేయును. వీరాపురము చూడబోయినచో దూరమునుండి చూడుడు. గూటి క్రింద కేకలు వేయకుడు. తల్లి బెదరి లేచిన ఆ కొంచెము సేపు గూటిలోని పిల్లలు ఎండకు మాడును.

ఇట్లు ఒక యేడు వ్రాసిన పుస్తకమును మఱుసటియేడు క్రింది తరగతివారికి అప్పగింపుడు. వారు తమ తరువాతివారికి అప్పగింతురు. పదియేండ్లకు ఆ వంక చరిత్రము మీయొద్ద నుండును. దానిని పూడ్చదలచినవానికి ఎదుట పెట్టుటకు మీచేత సాక్ష్యముండును. సాక్ష్యములేని ప్రేమ కచ్చేరిలో నిలువదని కల్పవల్లివారి కథవలన వింటిమి.

పోరుమామిళ్ళ శాసనమున చెప్పిన పండ్రెండంగములలో ధర్మాత్ముడగు ప్రభువును నేడు మనమే మన యోటుతో నెన్నుకొనుచున్నాము. జలశాస్త్రమెఱిగిన విద్వాంసులను కళాశాలలు తయారుచేయుచున్నవి. మిగిలినది పని నేర్చిన జనసమూహము. ఆ యంగమును పూరింపవలసినవారు మీరు.